300 ఎంబీపీఎస్ ఉన్నా మాట ఎందుకు తెగుతోంది?

ఇంటికి ఇంటర్నెట్ అమ్మేవాళ్ళ చేతిలో ఒకే ఒక్క అంకె ఉంటుంది. 40, 100, 300, 1000. దాని వెనకాల ఎంబీపీఎస్ అన్న తోక. వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వస్తోందని ఫోన్ చేస్తే అటువైపు నుంచి వచ్చే మందు కూడా ఆ అంకే: "పై ప్లాన్‌కి మారండి సార్." మారతారు. నెలకి ఇంకో రెండు మూడొందలు కడతారు. స్పీడ్ టెస్ట్ పెడితే ముల్లు గిర్రున తిరిగి 300 దగ్గర ఆగుతుంది. ఆ రాత్రే డాలస్ నుంచి కూతురు వీడియో కాల్ చేస్తే మాత్రం సగం సంభాషణ "వినపడుతోందా?" తోనే అయిపోతుంది.

పైపు లావైతే నాణ్యత దానంతటదే వస్తుందన్నది ఇవాళ చెలామణిలో ఉన్న సిద్ధాంతం. అమ్మేవాళ్ళు మాత్రమే దాన్ని పట్టుకుని తిరుగుతుంటే, వ్యాపారం కోసం వంద చెబుతారులే అని వదిలేయొచ్చు. ప్రభుత్వమూ బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో స్పీడుతోనే నిర్వచించింది: 2004 విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు, 2013లో 512, 2023 జనవరి నుంచి 2 మెగాబిట్లు. పత్రికలు దేశాలకు ర్యాంకులు వేసేదీ స్పీడు చూసే. నెట్‌వర్కింగ్ చదువుకున్న ఇంజనీర్లలో కూడా చాలామంది "ప్రాధాన్యాలూ గీధాన్యాలూ పాతకాలం గోల, బ్యాండ్‌విడ్త్ పెంచితే అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్ళే. ఈ మాటలో సగం నిజముంది. ఇన్నేళ్ళు నిలబడింది ఆ సగం బలం మీదే.

కాబట్టి ముందు ఆ సగానికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి.

1994లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఒక పెద్ద ఆలోచన చేసింది. సంభాషణ మొదలయ్యే ముందే దారిలో ఉన్న ప్రతి రౌటర్‌నీ పలకరించి, ఈ కాల్‌కి ఇంత చోటు అట్టే పెట్టమని అడగడం. రైలు బెర్తులాగా రిజర్వేషన్ అన్నమాట. దానికి పెట్టిన పేరు ఇంటిగ్రేటెడ్ సర్వీసెస్. రిజర్వేషన్ చేసే ప్రోటోకాల్ ఆర్‌ఎస్‌వీపీ 1997లో సిద్ధమైంది. ఏకకాలంలో లక్షల సంభాషణలు సాగే పెద్ద లింకుల దగ్గర ఒక్కొక్కదాన్నీ గుర్తుపెట్టుకోవడం రౌటర్ల తరం కాదని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. 1998 డిసెంబరులో ఇంకో దారి తెరిచారు, డిఫరెన్షియేటెడ్ సర్వీసెస్. రిజర్వేషన్లు లేవు. ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) నెత్తిన 6 బిట్ల గుర్తు ఒకటి వేస్తారు. రౌటర్ ఆ గుర్తు చూసి ఏది ముందు పంపాలో తేల్చుకుంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల కూటమి ఇంటర్నెట్2 దీన్ని క్యూబోన్ అనే పేరుతో నిజంగానే నడిపి చూడబోయింది. 2002లో ఆ పనిలో ఉన్న బెన్ టైటెల్‌బామ్, స్టానిస్లావ్ షలునోవ్‌లే చేతులెత్తేశారు. ప్రీమియం సేవ ఎందుకు అమలు కాలేదో, బహుశా ఎప్పటికీ ఎందుకు కాదో వివరిస్తూ పత్రం రాశారు. దారిలో ఒక్క నెట్‌వర్క్ ఒప్పుకోకపోయినా హామీ నిలవదు. అందరినీ ఒప్పించే ఖర్చుకన్నా అదనపు లైను వేయడం చవక. ఇదీ వాళ్ళ లెక్క.

అంతకు ముందే, 1998లో, ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో ఉన్న ఆండ్రూ ఒడ్లిజ్కో ఇంటర్నెట్ వెన్నెముక లింకులు సగటున 10 నుంచి 15 శాతమే వాడకంలో ఉన్నాయని లెక్క తీశారు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసెందుకని ఆయన వాదన సారాంశం.

ఇది బలమైన వాదన. ఇరవయ్యేళ్ళ తర్వాత చూసినా నగరాలను, ఖండాలను కలిపే ఫైబర్ విషయంలో వాళ్ళదే పైచేయి. ఒక ఫైబర్ పోగులో ఇంకొన్ని రంగుల కాంతి ఎక్కించొచ్చు, అదీ చాలకపోతే పక్కనే ఇంకో పోగు వెలిగించొచ్చు. కానీ వాళ్ళు గెలిచింది వెన్నెముక దగ్గర. ఆ గెలుపును ఎత్తుకొచ్చి పడకగదిలో వైఫైకి, ఊరి చివర టవర్‌కి అంటగట్టడం దగ్గరే సిద్ధాంతం కుంటుతుంది. గాలిలో రెండో పోగు ఉండదు. స్పెక్ట్రమ్ పరిమితం. 2022లో మన దేశంలో జరిగిన 5జీ వేలంలో కంపెనీలు స్పెక్ట్రమ్ కోసం ఒప్పుకున్న మొత్తం లక్షా 50 వేల కోట్ల రూపాయలకు పైనే. ఇంట్లో వాడే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో అయితే ఒకదానిమీద ఒకటి పడని చానళ్ళు మూడంటే మూడే: 1, 6, 11. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. అవసరానికి మించి సామర్థ్యం పడేసి సమస్యను ముంచేయడం తీగలో సాధ్యం. గాలిలో ఆ విద్య పారదు.

పైగా కెపాసిటీ ఒక్కటే రోగమైతే 1986 అక్టోబరులో జరిగినదానికి అర్థమే లేదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య డేటా వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. ఏ తీగా తెగలేదు, ఏ పెట్టే కాలిపోలేదు. ప్రతి కంప్యూటరూ పంపిన ప్యాకెట్ చేరలేదేమోనని మళ్ళీ మళ్ళీ పంపడంతో దారి ఉక్కిరిబిక్కిరైంది. వాన్ జేకబ్‌సన్ ఆ జబ్బును కుదిర్చింది కొత్త లైను వేసి కాదు. ప్యాకెట్లు పోతున్నాయంటే దారిలో రద్దీ ఉన్నట్టు లెక్క, అప్పుడు పంపేవాడే నెమ్మదించాలి అని ప్యాకెట్లను పంపే టీసీపీ సాఫ్ట్‌వేర్‌కి నేర్పారు. 1988లో ఆయన ప్రచురించిన ఆ పద్ధతి మీదే ఇంటర్నెట్ పెరిగింది.

ఆ పద్ధతి పనిచేయాలంటే ఒక షరతుంది. రద్దీ ఉన్నప్పుడు ప్యాకెట్ పోవాలి, పోయిన సంగతి పంపేవాడికి వెంటనే తెలియాలి. తర్వాతి కాలంలో మెమరీ చవకైపోయింది. ప్యాకెట్ పారేయడం పాపమన్నట్టు రౌటర్లు, మోడెమ్‌లు తయారుచేసేవాళ్ళు లోపల పెద్ద పెద్ద బఫర్లు పెట్టేశారు. తిరుమలలో క్యూ కాంప్లెక్సుకి కంపార్ట్‌మెంట్లు పెంచుకుంటూ పోతే దర్శనం తొందరగా కాదు. లోపల కూర్చునే గంటలు పెరుగుతాయి, అంతే. కొండ కిందే టైమ్ స్లాట్ టోకెను ఇస్తేనే నిరీక్షణ తగ్గుతుంది. బఫర్లు పెంచినవాళ్ళు కంపార్ట్‌మెంట్లు కట్టారు, టోకెన్ల సంగతి మరిచారు. 2010లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు జిమ్ గెటిస్ తన ఇంటి కనెక్షన్‌లోనే ఈ వ్యవహారాన్ని పట్టుకున్నారు. పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్ అవుతుంటే మిగతా ప్యాకెట్లన్నీ సెకనుకు పైగా పడిగాపులు పడుతున్నాయి. ఆ ఉబ్బరానికి ఆయన బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

లెక్క చిన్నదే. సెకనుకు 10 మెగాబిట్లు పంపగల లైను ముందు 1 మెగాబైట్ బఫర్ ఉందనుకుందాం. అది నిండితే ఖాళీ కావడానికి 0.8 సెకను. ఇంట్లో ఒకరి ఫోన్ ఫొటోలను క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడితే, పక్కగదిలో వీడియో కాల్ తాలూకు ప్రతి మాటా ఆ ఫొటోల వెనకాల 0.8 సెకను నిలబడాలి.

ఇక్కడ స్పీడు పక్షం వాళ్ళు వెంటనే అంటారు: లైనును 100 ఎంబీపీఎస్ చేయండి, అదే బఫర్ 0.08 సెకనులో ఖాళీ అవుతుంది. నిజమే. కానీ అప్పుడు ఇరుకైన చోటు లైనులోంచి వైఫైలోకి మారుతుంది. రెండు ఇటుక గోడల అవతల, 2.4 గిగాహెర్ట్జ్ మీద, పక్కింటి రౌటర్ల రొదలో ఉన్న ఫోన్‌కి అందేది పదో పన్నెండో మెగాబిట్లు. ఫైబర్ నుంచి 300 వేగంతో దూసుకొచ్చిన డేటా ఇప్పుడు వైఫై రౌటర్‌లో పోగుపడుతుంది. స్పీడు పెంచితే క్యూ పోలేదు, ఓ గది అవతలికి జరిగింది. స్పీడ్ టెస్ట్ రౌటర్ పక్కన నిలబడి చేస్తారు గనక ఈ సంగతి బయటపడదు.

వైఫైలో తీగకు లేని ఇంకో గుణం ఉంది. ఒక చానల్లో ఒకసారి ఒకరే మాట్లాడాలి. అందరూ ముందు విని, ఎవరూ మాట్లాడడం లేదనుకున్నాకే నోరు విప్పాలి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో ఇందులో ఓ వింత చూపించారు. అందరికీ సమానంగా వంతులు ఇస్తారు గనక, దూరంగా ఉండి సెకనుకు 1 మెగాబిట్‌తో నత్తనడక నడిచే ఒక్క పరికరం, 11 మెగాబిట్లతో పరుగెత్తగల మిగతావాటినన్నిటినీ తన స్థాయికి లాగేస్తుంది. ఒక్కో వంతులో అది పట్టుకునే సమయం అంత ఎక్కువ మరి. వంటింటి మూలలోని పాత టాబ్లెట్ ఒకటి హాల్లో కొత్త లాప్‌టాప్ కాల్‌ని చెడగొట్టగలదు. దీనికి విరుగుడు కూడా ప్లాన్ మార్చడం కాదు. ప్యాకెట్ల లెక్కన కాక సమయం లెక్కన వంతులు పంచాలి. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోకె హోయ్‌లాండ్-యోర్గెన్‌సెన్ బృందం లినక్స్ వైఫైలో ఈ మార్పు చేసి, 2017లో ఫలితాలు ప్రచురించింది. భారం మీద ఉన్నప్పటి జాప్యం పదో వంతుకు దిగింది. హార్డ్‌వేర్ అదే, లైను అదే.

తీగా గాలీ కలిసే చోట జరిగే పొరపాట్లలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంత చిన్న తప్పు ఇన్నేళ్ళు ఎలా బతికిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తీగ ప్రపంచంలో వాయిస్ ప్యాకెట్‌కి వేసే గుర్తు 46. బైనరీలో రాస్తే 101110. వైఫైలో 2005 నాటి 802.11ఇ ప్రమాణం ట్రాఫిక్‌ని నాలుగు తరగతులు చేసింది: వాయిస్, వీడియో, మామూలు, వెనకాల నడిచేవి. వీటికి ఎనిమిది స్థాయిలు, 0 నుంచి 7 వరకు. మరి 6 బిట్ల గుర్తును 3 బిట్ల స్థాయిలోకి మార్చడమెలా? చాలా పరికరాలు ముందున్న మూడు బిట్లు తీసుకుని మిగతావి వదిలేశాయి. 101110లో మొదటి మూడు 101, అంటే 5. వైఫైలో 5 వీడియో తరగతి. వాయిస్ తరగతి 6 నుంచి మొదలు. తీగలో రాజమర్యాదలతో వచ్చిన మాట, గాలిలో అడుగుపెట్టగానే ఓ మెట్టు దిగి సినిమాల మధ్య నిలబడింది. 46ని 6కి మార్చండి అని ఐఈటీఎఫ్ తీరిగ్గా రాసి పెట్టింది 2018 ఫిబ్రవరిలో. అటు ఐఈటీఎఫ్, ఇటు వైఫై ప్రమాణాలు రాసే ఐఈఈఈ, ఎవరి పుస్తకం వాళ్ళు చక్కగానే రాసుకున్నారు. రెండు పుస్తకాల మధ్య అట్ట ఎవరిదో పదమూడేళ్ళు తేలలేదు.

నాణ్యత పైపు లావు ఒక్కదానితో రాదనడానికి మన దేశంలోనే కోట్లమంది జేబుల్లో సాక్ష్యముంది. 2016 సెప్టెంబరు 5న జియో 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌తో మొదలైంది. 2జీ, 3జీ లేవు. అంటే మాట కూడా డేటా ప్యాకెట్లుగానే పోవాలి. వోల్టీ అనే ఈ పద్ధతిలో ఒక కాల్‌కి కావలసింది సెకనుకు పాతిక కిలోబిట్లు కూడా కాదు. కానీ ఆ కాల్ కోసం నెట్‌వర్క్ ప్రత్యేకంగా ఒక దారి కేటాయిస్తుంది. 4జీ ప్రమాణాల్లో దాని తరగతి నంబరు 1: జాప్యం 100 మిల్లీసెకన్లలోపు, నష్టం నూటికి ఒక ప్యాకెట్ దాకా ఫరవాలేదు, బ్యాండ్‌విడ్త్‌కి హామీ. మామూలు డేటా తరగతి 9కి 300 మిల్లీసెకన్లు, ఏ హామీ లేదు. సాయంత్రం ఏడింటికి రద్దీగా ఉన్న టవర్ కింద నిలబడి వాట్సాప్‌లో కాల్ చేస్తే గొంతు రోబోలా వస్తుంది. అదే ఫోన్, అదే టవర్, అదే నిమిషం, మామూలు నంబరుకి కాల్ చేస్తే మాట నున్నగా వినిపిస్తుంది. రెండింటికీ కావలసిన స్పీడు దాదాపు ఒకటే. మొదటిది సినిమాలూ రీల్సూ ఉన్న గుంపులో నిలబడింది, రెండోదానికి విడిగా దారి ఉంది. స్పీడు సిద్ధాంతం ఈ తేడాకి ఏం జవాబు చెబుతుంది?

అయితే ఆ 100 మిల్లీసెకన్ల హామీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? ఫోన్ నుంచి ఆపరేటర్ సొంత గేట్‌వే దాకా. అక్కడితో సరి. ఆ గీత దాటితే ఏం జరుగుతుందో చూడాలంటే వైఫై కాలింగ్‌ని చూడాలి. మన దగ్గర ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. ఇంట్లో సిగ్నల్ అందని చోట ఫోన్ తనంతట తానే వైఫై పట్టుకుని, ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగంలో కాల్‌ని ఆపరేటర్ గేట్‌వేకి చేరుస్తుంది. స్క్రీన్ మీద అదే ఆపరేటర్ పేరు, అదే నంబరు. కానీ దారి వేరు. పై అంతస్తు కుర్రాడి గేమ్ డౌన్‌లోడ్‌తో పోటీపడే వైఫై, ఇంకో కంపెనీ బ్రాడ్‌బ్యాండ్, ఆ తర్వాత పబ్లిక్ ఇంటర్నెట్. సొరంగం మూసి ఉంటుంది గనక లోపల ఉన్నది మాటో సినిమానో మధ్యవాళ్ళకు తెలియదు. టవర్ మీద తరగతి 1 మర్యాద పొందిన కాల్ ఇక్కడ అందరిలో ఒకటి. కాల్ తెగితే వాడకందారు ఎవరిని అడగాలి? మొబైల్ కంపెనీ బ్రాడ్‌బ్యాండ్‌ని చూపిస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ రౌటర్ ఓసారి ఆపి ఆన్ చేయమంటుంది. రౌటర్ తయారీదారుకి ఫోన్ నంబరే ఉండదు. తిలా పాపం తలా పిడికెడు.

దారి మధ్యలో గుర్తుల గతి ఇంతకన్నా మెరుగేం కాదు. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌లోకి ప్యాకెట్ మారే చోట, ఆ 6 బిట్లను సున్నా చేసి పంపడం మామూలు అలవాటు. పక్కవాడు వేసిన గుర్తును నమ్మితే రేపు వాడు అన్నిటికీ 46 వేసి పంపుతాడేమోనని భయం. భయంలో న్యాయం లేకపోలేదు. కానీ ఫలితం ఏమిటంటే, రెండు చివర్లా ఎంత జాగ్రత్తగా ఏర్పాటు చేసుకున్నా మధ్యలో అన్నీ చెరిగిపోతాయి.

డాలస్ కూతురి కాల్‌కి ఈ లెక్కలన్నీ వేసి చూద్దాం. మాట ఒకవైపు నుంచి రెండోవైపుకి 150 మిల్లీసెకన్లలో చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ సిఫార్సు. హైదరాబాదు నుంచి డాలస్‌కి భూగోళం మీద అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే దేవుడే లైను వేసినా 72 మిల్లీసెకన్లు తప్పవు. సముద్రగర్భ కేబుళ్ళు ఉత్తర ధ్రువం మీదుగా తిన్నగా పోవు, చుట్టూ తిరిగి పోతాయి. కాబట్టి ఖర్చు 100 దాటుతుంది. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ట్రాఫిక్‌ని ఇంకా దూరపు దారులకు మళ్ళించారు, మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ సేవల్లో జాప్యం పెరిగిందని బహిరంగంగా చెప్పింది. మామూలు రోజుల్లోనే మిగిలేది ఓ యాభై మిల్లీసెకన్లు. రెండిళ్ళ వైఫైలు, రెండు రౌటర్ల క్యూలు, మాటను ప్యాకెట్లుగా చేసి మళ్ళీ మాటగా మార్చే సమయం, అన్నీ ఆ యాభైలోనే సర్దాలి. అలాంటి చోట ఒక్క రౌటర్ బఫర్ 200 మిల్లీసెకన్లు మింగితే 300 ఎంబీపీఎస్ ఏం చేస్తుంది? ప్లాన్ 1000కి పెంచితే కాంతి వేగం పెరుగుతుందా?

వెబ్ పేజీల విషయంలోనూ ఇదే కథ అని గూగుల్ ఇంజనీరు మైక్ బెల్షీ 2010లోనే కొలిచి చూపించారు. స్పీడును 5 నుంచి 10 మెగాబిట్లకు రెట్టింపు చేస్తే పేజీ తెరుచుకునే సమయం 5 శాతమో ఎంతో తగ్గింది. జాప్యం తగ్గించినకొద్దీ మాత్రం సమయం తగ్గుతూనే పోయింది.

5జీ వచ్చిందిగా, 1 మిల్లీసెకను జాప్యమేగా అని కొందరు. ఆ 1 మిల్లీసెకను అత్యవసర యంత్రాల కోసం ఐటీయూ పెట్టిన రేడియో లక్ష్యం. మామూలు మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌కి అదే ఐటీయూ పెట్టిన లక్ష్యం 4. అదీ ఫోనుకీ టవరుకీ మధ్య మాత్రమే. 1 మిల్లీసెకనులో కాంతి ఫైబర్‌లో పోయేది 200 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ముంబై సర్వర్‌కి చేరడానికే మూడు కావాలి. టవర్ వెనకాల తీగ ఎలా ఉందో, ఆ తీగ వెనకాల క్యూ ఎలా ఉందో 5జీ బొమ్మ చెప్పదు.

సామర్థ్యం ఎప్పుడూ చాలినంత ఉంటుందన్న ధీమాకు 2020 మార్చిలో పరీక్ష వచ్చింది. లాక్‌డౌన్ మొదలయ్యే వేళ మన దేశంలో వీడియో కంపెనీలు మొబైల్ మీద హెచ్‌డీ ఆపేసి 480పీకి మించకుండా ఏప్రిల్ 14 దాకా నడపడానికి ఒప్పుకున్నాయి. ఐరోపాలో నెట్‌ఫ్లిక్స్ నెలరోజులు బిట్‌రేటు తగ్గించింది, దాంతో తన ట్రాఫిక్ పావు వంతు తగ్గుతుందని అంచనా వేసింది. ప్రాధాన్యాలు అక్కర్లేదన్న సిద్ధాంతం ఒత్తిడి పడ్డ వారంలోనే ప్రాధాన్యాలను చేతితో అమలు చేసింది. ఇల్లే ఆఫీసైంది, ఇల్లే బడైంది, కాబట్టి సినిమా కాస్త తగ్గాలి అన్నారు. తప్పేం లేదు. కాకపోతే ఆ పని నెట్‌వర్క్ తనంతట తాను, క్షణక్షణం చేయగలిగి ఉండాల్సింది.

ఈ మాట అనగానే ఎదుటి గట్టు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్రాధాన్యం అంటే డబ్బున్నవాడికి ముందు దారి ఇవ్వడమే కదా? 2020లో ఎయిర్‌టెల్ ప్లాటినమ్, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ ప్లాన్లు సరిగ్గా అదే అమ్మబోయాయి: ఎక్కువ కడితే ఎక్కువ వేగం, ముందు వరస. జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆపమంది. ఆపడం సబబే. ఒకే టవర్ కింద ఒకరికి ముందు వరస ఇస్తే ఆ చోటు పక్కవాడి నుంచే రావాలి. గాలిలో ఇంకో చోటు లేదని పైన చెప్పుకున్నదే.

కానీ నాణ్యతకు ఉన్న దారి అదొక్కటే కాదు. వాన్ జేకబ్‌సన్, కేథలీన్ నికల్స్ 2012లో ప్రచురించిన కోడెల్ పద్ధతి ఎవరు ఎంత కట్టారని అడగదు. ప్యాకెట్ క్యూలో 5 మిల్లీసెకన్లకు మించి నిలబడుతూ, అది 100 మిల్లీసెకన్ల పాటు అలాగే కొనసాగితే, ఒకదాన్ని పారేసి పంపేవాడికి సంకేతమిస్తుంది. దానికే ప్రవాహాల వారీగా వంతులు పంచడం జోడిస్తే ఎఫ్‌క్యూ-కోడెల్. భారీ డౌన్‌లోడ్ ఎంత లాగినా, సెకనుకు యాభై చిన్న ప్యాకెట్లు పంపే మాటకి తన వంతు వెంటనే దక్కుతుంది. ధనికుడి మాటకీ పేదవాడి మాటకీ తేడా లేదు. 2023 జనవరిలో వచ్చిన ఎల్4ఎస్ ప్రమాణాలదీ అదే దారి. ప్యాకెట్ పారేయకుండా గుర్తు వేసి ముందే హెచ్చరిస్తాయి, ఏ యాప్ అయినా వాడుకోవచ్చు. అమెరికాలో కామ్‌కాస్ట్ 2025 జనవరిలో దీన్ని ఇళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది. అందరి డేటానూ సమానంగా చూడాలనే తటస్థతకూ నాణ్యతకూ పడదన్న వాదన ఇక్కడ నిలవదు. 2018లో మన టెలికాం శాఖ ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ విధానం కూడా సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణను నిషేధించలేదు.

మరి ఎందుకు జరగడం లేదు? కొలవనిదాన్ని ఎవరూ బాగుచేయరు గనక. 2006లో ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో జాప్యానికి హద్దు పెట్టింది: దేశంలోని ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజీ దాకా 120 మిల్లీసెకన్లు, విదేశీ ద్వారం దాకా తీగ మీద 350. బాగానే ఉంది. కానీ కొలత మొదలయ్యేది కంపెనీ గేట్‌వే నుంచి. ఇంటి నుంచి గేట్‌వే దాకా ఉన్న చివరి మైలు, అసలు జబ్బంతా ఉన్న చోటు, లెక్కలోకే రాలేదు. 2024 ఆగస్టులో పాత నిబంధనలన్నీ కలిపి తీగ, వైర్‌లెస్ సేవలకు ఒకే నియమావళి తెచ్చారు. అక్టోబరు 1 నుంచి అమలైంది. జిట్టర్‌ని, అంటే జాప్యంలో హెచ్చుతగ్గుల్ని కూడా చేర్చారు. ఇది మంచి అడుగు, ఆలస్యమైన అడుగు. ఇప్పుడు చేయాల్సింది కొలతను వాడకందారు పరికరం దాకా తీసుకురావడం, లైను ఖాళీగా ఉన్నప్పుడు కాక రాత్రి తొమ్మిదింటికి నిండుగా ఉన్నప్పుడు కొలవడం, ఆ అంకెను ప్లాన్ ధర పక్కన అచ్చు వేయించడం. కంపెనీలు ఇంటికిచ్చే తెల్ల డబ్బాల్లో క్యూ నిర్వహణ తప్పనిసరి చేయడం. రెండు నెట్‌వర్కులు కలిసే చోట కనీసం మాటకి వేసిన ఒక్క గుర్తునైనా చెరపకుండా, పరిమాణానికి హద్దు పెట్టి దాటించడం. ఎవడో అన్నిటికీ 46 వేస్తాడన్న భయానికి ఆ హద్దే జవాబు.

వీటిలో ఏదీ పరిశోధనశాలలో ఉన్న సంగతి కాదు. ఎఫ్‌క్యూ-కోడెల్ 2012 జులై నుంచి లినక్స్‌లో ఉచితంగా ఉంది, ఇళ్ళల్లోని వైఫై డబ్బాల్లో చాలా భాగం నడిచేదీ లినక్స్ మీదే.

పాఠకులు ఈ రాత్రే ఒక పని చేయొచ్చు. ఇంట్లో ఇంకే డౌన్‌లోడూ అప్‌లోడూ నడవని వేళ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టండి. రౌటర్ పక్కన కాదు, రోజూ కాల్ మాట్లాడే చోట కూర్చుని. పెద్ద అంకెను వదిలేయండి. కింద చిన్న అక్షరాల్లో లైను ఖాళీగా ఉన్నప్పటి జాప్యం ఒకటి, డౌన్‌లోడ్, అప్‌లోడ్ జరుగుతున్నప్పటివి మరో రెండు కనిపిస్తాయి. మొదటిది 10, చివరిది 400 అయితే జబ్బు దొరికినట్టే. కంపెనీకి రాసే ఫిర్యాదులో ఆ మిల్లీసెకన్లు రాయండి. పై ప్లాన్‌కి మారమంటే మారకండి, డబ్బాలో క్యూ నిర్వహణ ఉందా లేదా అని రాతపూర్వకంగా జవాబు అడగండి.